రెండువందల పన్నెండో కార్డు

ఆ కార్డు తీసింది యోసేపే. తెలియక తీశాడని వాళ్లమ్మ అంటుంది, చర్చి సంఘంలో పెద్దలూ అంటారు. తెలిసే తీశాడు. తెలియనివాడైతే పైనున్నది తీసేవాడు. అతను కట్ట మధ్యలోంచి లాగాడు.

విమలకు ఆ సంగతి మంగళవారం పొద్దున బట్టలు ఉతికేటప్పుడు తెలిసింది. అది 1982, ఫిబ్రవరి. నానబెట్టే ముందు భర్త చొక్కా జేబులు చూడడం ఆమెకు పదేళ్ల అలవాటు. బీడీ ముక్కలు, మిల్లు గేటు చీటీలు, ఒక్కోసారి నలిగిన తమలపాకు దొరికేవి. ఆదివారం చర్చికి తొడుక్కున్న తెల్లచొక్కా జేబులో అట్టముక్క తగిలింది. అట్టంతా సన్నటి చిల్లులు, ఒకవైపు పైఅంచున యంత్రం అచ్చేసిన ఒక లైను ఇంగ్లీషు అక్షరాలు, చివర 212 అనే నంబరు. రెండోవైపు యోసేపు చేతిరాతలో నాలుగు పాటల నంబర్లు. ఆమె కార్డును అంచు మీద నిలబెట్టి చూసింది. అంచు మీద ఎర్ర సిరా చుక్క ఉంది. చేతులకు సబ్బునురగ ఉందని గుర్తొచ్చి, కార్డు తడవకుండా గోడ మీద పెట్టి, చొక్కా ఉతకడం మొదలుపెట్టింది. కాలరు రెండుసార్లు రుద్దింది.

ఆ చుక్క గురించి చెప్పాలంటే ఆమె ఉద్యోగం గురించి చెప్పాలి.

విమలకు తండ్రి లేడు. తల్లి మిషను దవాఖానలో ఆయాగా చేసి బీఎస్సీ లెక్కలు చదివించింది. యోసేపు నెక్కొండ దగ్గరి ఊరివాడు. ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివి, వరంగల్ బట్టల మిల్లులో పర్మనెంటు ఫిట్టరయ్యాడు. పర్మనెంటు అన్న మాట దగ్గర సంబంధం కుదిరిపోయింది. దేశాయిపేటలో రెండు గదుల ఇల్లు, అత్త రత్నమ్మ, ఎనిమిదేళ్ల కూతురు ఎస్తేరు. రెండేళ్ల కింద ఇంజనీరింగ్ కాలేజీలో పాండురంగం సారు దగ్గర తాత్కాలిక ఉద్యోగం దొరికింది. నౌకాదళం వాళ్లు ఆయనకు ఒక పని అప్పగించారు. లెక్కలు తెలిసి, టైపు చేయగల మనిషి ఆయనకు కావాలి. పంచ్ యంత్రం ముందు కూర్చుని కార్డు మీద లైను తర్వాత లైను కొట్టి, ఆ కట్టను కంప్యూటరుకు పెట్టి, అది అచ్చేసిన కాగితాలు చదవడం ఆమె పని. పాడైన కార్డులు ఇంటికి తెచ్చేది. ఇల్లంతా అవే. పాలవాడి లెక్క వాటి మీదే, ఎస్తేరు ఎక్కాలు వాటి మీదే, బల్లకాలి కింద మడిచిపెట్టింది కూడా అదే. సంఘంలో పాటల నంబర్ల పలక యోసేపు బాధ్యత. ఆదివారం పొద్దున పాస్టరు అయ్యగారి ఇంటికి వెళ్లి, ఆరోజు పాడే పాటల నంబర్లు ఒక కార్డు వెనుక రాసుకుని వచ్చి చర్చి గోడ పలక మీద పెట్టేవాడు.

పాండురంగం సారు మొదటిరోజు ఆమెకు చెప్పింది ఇది. యుద్ధనౌక మీద పాత రాడార్లు గిరగిర తిరిగేవి. వెతకడానికి ఒకటి, దొరికినదాన్ని వెంటాడడానికి ఇంకొకటి. కొత్తగా రాబోయేది తిరగదు. ఉన్నచోటే ఉండి, రెప్పపాటులో తన చూపును ఏ దిక్కుకైనా మార్చుకుంటుంది. ఆకాశాన్ని వెతకడం, దొరికిన విమానాలను విడవకుండా చూడడం, మన ఓడ వదిలిన క్షిపణికి దారి చూపడం, నీళ్లను ఆనుకుని దొంగతనంగా వచ్చేదాన్ని పట్టుకోవడం, అన్నీ అదొక్కటే చెయ్యాలి. కానీ ఒక క్షణంలో ఒక్క దిక్కే చూడగలదు. ఓడ మధ్యలో ఉండే కమాండు గది నుంచి ఆఫీసర్లందరూ దాన్నే అడుగుతుంటారు. అందరికీ ఇప్పుడే కావాలి. క్షణాన్ని వెయ్యి ముక్కలు చేసి, ఏ ముక్క ఎవరికివ్వాలో తేల్చే లెక్క తయారుచెయ్యాలి.

విమలకు నవ్వొచ్చింది. ఆపుకుంది. ఆ యంత్రం ఎవరో ఆమెకు తెలుసు.

పొద్దున అయిదింటికి మిల్లు కూత వినపడేసరికి యోసేపుకు చాయ కావాలి, రత్నమ్మకు కాళ్లు కడుక్కోను వేడినీళ్లు కావాలి, ఎస్తేరుకు జడ వెయ్యాలి, పాలు పొంగకూడదు, అన్నం మాడకూడదు. ఉన్నది ఒక్క కిరసనాయిలు స్టవ్వు. ‘విమలా, నీళ్లు కాగినయా’ అన్న గొంతూ, ‘నా అంగి ఏడ వెట్టినవు’ అన్న గొంతూ ఒకేసారి వస్తే ఏది ముందు? ఎవరు గట్టిగా అరిస్తే అది ముందు. అరవనిది ఆగుతుంది. ఆమె తల దువ్వుకోవడం ఆగుతుంది, ఆమె చాయ చల్లారుతుంది, తల్లికి రాయాలనుకున్న ఉత్తరం ఆగుతుంది. ఆగినది పోదు, ఎక్కడో కూర్చుని ఉంటుంది. కాలేజీకి వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు ఒక్కసారిగా అన్నీ మీద పడతాయి. ఏమిటవి అని ఎవరైనా అడిగినా ఆమె చెప్పగలిగేది కాదు. ఎవరూ అడగరు కూడా. కంప్యూటరు గది చల్లగా ఉండేది, చెప్పులు బయట విడిచి వెళ్లాలి. ఆ గదిలో తన పేరు పెట్టి ఎవరూ పిలవరు. లోకంలో ఆమెకు నచ్చిన చోటు అదొక్కటే.

సారు రాసిచ్చిన వరసలో మన క్షిపణి మొదటిది, దగ్గరికొచ్చిన శత్రువు రెండోది, మిగతా శత్రువులు మూడోది, కొత్తవి వెతకడం ఆఖరిది. అయిదారు విమానాలున్నంతసేపు ఆ లెక్క బాగానే నడిచింది. ఇరవై పెట్టేసరికి వరసలో ఆఖరి పనికి వంతే రాలేదు. కంప్యూటరు అచ్చేసిన కాగితం మాత్రం పడమర వైపు ఏమీ లేదని చెబుతూ పోయింది. విమల ఆ కాగితాన్ని రెండు రోజులు చూసింది. పడమర ఏమీ లేక కాదు. అటు చూసినవాళ్లు లేక.

ఆమె చేసింది చిన్నపని. ఒకటి, తిన్నగా పోతున్న విమానాన్ని మాటిమాటికీ చూడక్కర్లేదు. అన్నం ఉడికేటప్పుడు ఎవరూ గిన్నెలోకి తొంగిచూస్తూ నిలబడరు, ఎప్పుడు చూడాలో తెలిసి వెళ్లి చూస్తారు. రెండోది, ఆగిన పని ఎంతసేపు ఆగిందో లెక్కపెట్టి, ఆగినకొద్దీ దాని అంతస్తు పెంచడం. అడగని పనికైనా ఒక క్షణం వచ్చేసరికి అందరికన్నా ముందు వంతు రావాలి. ఈ రెండోదంతా ఒకే ఒక లైను. ఒకే కార్డు. రెండువందల పన్నెండోది.

ఆ సాయంత్రం ఆమె ఎవరికైనా చెప్పాలనుకుంది. యోసేపు గడపలో కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. చెప్పడం మొదలుపెట్టింది.

“సముద్రం ఏడున్నది, ఓరుగల్లు ఏడున్నది?” అన్నాడు. “ఓడను నువ్వు జూసినవా, మీ సారు జూసిండా?”

“చూడలే. లెక్కకు చూసుడు అక్కెర లేదు.”

“అట్టముక్కలకు బొక్కలు వొడిసే పనికి లెక్కలేందే పిల్లా,” అంది రత్నమ్మ లోపలినుంచి. “సంఘంల అడిగితే ఏం జెప్పాల్నో తెలుస్తలేదు నాకు. మా కోడలు బొక్కలు వొడుస్తదని చెప్తాన్న.”

యోసేపూ, రత్నమ్మా, ఎస్తేరూ నవ్వారు. విమల కూడా నవ్వింది. నవ్వి లోపలికి వెళ్లి బియ్యం చెరిగింది.

జనవరిలో నౌకాదళం నుంచి ఒక కమాండరు వచ్చాడు. కాగితాలు చూసి, ఆఖరి పని వంతు ఎలా పెరుగుతోందని అడిగాడు. సారుకు చెప్పడం రాలేదు, విమల చెప్పింది. వచ్చేనెల తన సొంత పరీక్ష తెస్తానని, లెక్క అందులో నిలబడితే ఈమెను ఆరు వారాలు విశాఖపట్నం పంపమని, ఓడలవాళ్లతో కూర్చుని చెయ్యాల్సిన పని ఉందని ఆయన అన్నాడు. సారు కూడా, ఇది గట్టెక్కితే ఉద్యోగం పర్మనెంటు చేయిస్తానన్నాడు. విమల ఆరోజు బస్సు దిగి, ఇంటికి వెళ్లకుండా చౌరస్తాలో కాసేపు ఊరికే నిలబడింది. సముద్రం ఎంత ఉంటుందో ఊహించడానికి ప్రయత్నించింది. భద్రకాళి చెరువును నాలుగింతలు చేసింది. చాలదనిపించి, అవతలి గట్టు తీసేసింది.

“ఆరు వారాలా? మరి ఇల్లు?” అన్నాడు యోసేపు.

“అత్తమ్మ ఉన్నది గదా. మా అమ్మను గూడ రమ్మంట.”

“నా పెండ్లాం ఓడ మీద మొగోళ్లతోని కూసున్నదని సంఘంల జెప్పాల్నా?”

“ఓడ మీద గాదు, ఆఫీసుల.”

“ఏదైతేంది.”

“నేను పోత,” అంది విమల. పెళ్లయ్యాక అతని ముందు ఆమె అలా అనడం అదే మొదలు. యోసేపు ఆమె వైపు చూసి, “సూద్దాం తీ,” అన్నాడు.

పరీక్ష సోమవారం. కాలేజీలో పిల్లలు కార్డులు కలిపేస్తున్నారని, కట్టను ఇంటికి తీసుకెళ్లి జాగ్రత్త చెయ్యమని శనివారం సారే చెప్పాడు. మూడువందల నాలుగు కార్డులు, చెప్పుల డబ్బాలో పట్టాయి. కట్ట పైఅంచు మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఎర్ర సిరాతో ఒక వాలుగీత గీయడం ఆ పనిలో పద్ధతి. కార్డు వరస తప్పినా, తగ్గినా గీత విరుగుతుంది. విమల ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఆ గీత చూపించింది. ఎర్రగీత ఉన్న కట్ట ముట్టవద్దని చెప్పింది. డబ్బాను ట్రంకుపెట్టె మీద పెట్టి పైన గుడ్డ కప్పింది.

ఆదివారం పొద్దున రత్నమ్మ తలస్నానం నీళ్లకు వాకిట్లో రాళ్లపొయ్యి పెట్టి, కిటికీలో ఉన్న పాడుకార్డులన్నీ దాని కింద ముట్టించింది. యోసేపుకు పాటల నంబర్లకు కార్డు కావాలి. విమల బావి దగ్గర ఉంది. అతను గుడ్డ తీశాడు, డబ్బా మూత తీశాడు, ఎర్రగీత చూశాడు. మధ్యలోంచి ఒకటి లాగి, మిగతావి దగ్గరికి నొక్కి, మూత పెట్టి, మళ్లీ గుడ్డ కప్పాడు. మూడువందల్లో ఒకటి పోతే ఏమవుతుందనుకున్నాడు. ఏమైనా అయితే మంచిదేననీ అనుకున్నాడు. ఈ రెండో మాట ఎవరితోనూ అనలేదు.

సోమవారం కంప్యూటరు ఆ కట్టను ఏ అభ్యంతరమూ లేకుండా చదివింది. లేని కార్డును అది అడగదు. కమాండరు పరీక్షలో తూర్పు నుంచి ఇరవై విమానాలు గుంపుగా వస్తాయి. నలభయ్యో క్షణంలో పడమర నుంచి, నీళ్లను ఆనుకుని, ఒంటరిగా ఒకటి వస్తుంది. కాగితం అచ్చవుతూ వచ్చింది. తూర్పు సంగతి ఒక్కటీ తప్పలేదు. పడమర ఏమీ లేదు, ఏమీ లేదు, ఏమీ లేదు. ఓడ మునిగింది.

కమాండరు కాగితం మీద వేలు పెట్టి, “ఇటు ఎందుకు చూడలేదు?” అని ఇంగ్లీషులో అడిగాడు. సారు విమల వైపు చూశాడు. ఆమె కాగితాన్ని మొదటినుంచి మళ్లీ చదివింది. మొన్నటిదాకా చూసిన లెక్క ఇవాళ ఎందుకు చూడలేదో ఆమెకు తెలియలేదు.

వాళ్లు గెస్టుహౌసుకు భోజనానికి వెళ్లారు. ఆమెను పిలవలేదు. ఒక్కతే కట్టను వెలుతురులో పెట్టి చూసింది. ఎర్రగీత మధ్యలో వెంట్రుకంత చోట విరిగి ఉంది. 211. తర్వాత 213. రెండు నిమిషాల్లో ఆ లైను మళ్లీ కొట్టి, కొత్త కార్డు పట్టుకుని గెస్టుహౌసుకు పరుగెత్తింది. వరండాలో నిలబడింది. సారు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

“సార్, ఒక కార్డు పోయింది. ఇంకొక్కసారి నడిపిస్తే...”

“కార్డు ఎక్కడ పోయింది?”

“తెలియదు సార్.”

“ఇప్పుడు కాదమ్మా. వాళ్లు భోంచేస్తున్నారు.”

కమాండరు జీపు గెస్టుహౌసు నుంచి తిన్నగా కాజీపేట స్టేషనుకు వెళ్లిపోయింది. ఆమె వరండాలోనే ఉంది.

ఆ సాయంత్రం అన్నాలు వడ్డిస్తూ అడిగింది. “నా డబ్బాల నుంచి ఎవలన్న కార్డు దీసిండ్రా?”

“నాకేం తెల్సు,” అన్నాడు యోసేపు. “జర పప్పు వెయ్యి.”

రాత్రంతా ఆమె తన చేతులనే అనుమానించింది. కట్ట సర్దేటప్పుడు తనే జారవిడిచిందేమో, బస్సులో డబ్బా వంగిందేమో. పది వేల కార్డులు కొట్టిన చేతులు ఒక్కటి పోగొట్టడం సాధ్యమేననీ, ఆడవాళ్లకు ఇంత పని అప్పగించకూడదని సారు అనుకుంటూ ఉంటాడనీ, అందులో తప్పేముందనీ అనుకుంది. తెల్లారేసరికి తనను తానే నేరస్థురాలిని చేసుకుంది. తర్వాత బట్టలు ఉతకడానికి కూర్చుంది.

మంగళవారం సాయంత్రం యోసేపు షిఫ్టు దిగి వచ్చి వాకిట్లో కాళ్లు కడుక్కుంటుంటే కార్డు చూపించింది.

“ఇది నీ జేబుల దొరికింది.”

అతను చూశాడు. చెంబు ఆపలేదు. “దొరికితే?”

“నిన్న అడిగిన గదా.”

“మూడొందల అట్టల్ల ఒక్కటి. పాటల నంబర్లకు దీసిన. దేవుని పనికి ఒక్క అట్టముక్క రాదా మీ ఓడకాడికెళ్లి?”

“మధ్యల నుంచి ఎందుకు దీసినవు?”

చెంబు ఆగింది. నీళ్లు రాయి మీద నుంచి కారుతున్నాయి.

“యాడికెళ్లి దీస్తేందే,” అంది రత్నమ్మ. “మొగోడు పనికాడికెళ్లి వస్తే చాయ పొయ్యకుంట పంచాయితి వెట్టినవు.”

“ఇగ సాలు,” అన్నాడు యోసేపు. “ఈ ముచ్చట నా ముంగట మల్ల ఎన్నడు ఎత్తకు.”

“మంచిది,” అంది విమల. లోపలికి వెళ్లి చాయ పోసి తెచ్చింది.

బుధవారం కార్డు తీసుకుని కాలేజీకి వెళ్లింది. సారు అదే పరీక్షను ఆ కార్డుతో మళ్లీ నడిపించాడు. పడమర నుంచి వచ్చేదాన్ని లెక్క రెండు క్షణాల్లోపే పట్టుకుంది. సారు కాగితం మడిచి బీరువాలో పెట్టాడు, కార్డు ఆమెకు తిరిగిచ్చేశాడు.

“వాళ్లకు ఏమని రాయమంటావమ్మా? మా అమ్మాయి భర్త చర్చిలో పాటల నంబర్లు రాసుకున్నాడు, అందుకని మీ ఓడ మునిగింది అని రాయనా?” తన మాటకు తనే నవ్వాడు. “ఇళ్లలో కట్టలు పెట్టుకుంటే ఇలాగే ఉంటుంది.”

ఇంటికి తీసుకెళ్లమన్నది మీరే అని ఆమె అనలేదు. కాగితాలు ఆయన పేరుతో ఢిల్లీకి వెళ్లాయి. విశాఖపట్నానికి ఒక ఎంటెక్ కుర్రాడు వెళ్లాడు. మార్చి ఆఖరుకు ఆమె ఉద్యోగం గడువు తీరింది. మళ్లీ పెంచలేదు. జూన్‌లో ఆడపిల్లల బడిలో లెక్కల టీచరుగా చేరింది.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం చింతపండు పిక్కలు తీస్తూ విమల ఆలోచించింది. ఈ ముచ్చట ఎత్తకు అన్నాడు. ఈ ముచ్చట అంటే ఎంత వరకు? అతను చెప్పలేదు. హద్దు గీసే పని తనకే మిగిలింది. కార్డు అందులోకి వస్తుంది, అది సరే. కార్డు వస్తే లెక్క వస్తుంది, లెక్క వస్తే ఓడ, ఓడ వస్తే సముద్రం. భద్రకాళి చెరువు అవతలి గట్టు తీసేసిన సాయంత్రం అందులోదే. కంప్యూటరు గదిలో పాదాలకు తగిలే చల్లదనం అందులోదే. అయితే బడిలో పిల్లలు వేసే తిక్కప్రశ్నలకు తనకు వచ్చే నవ్వు? తెల్లవారుజామున వచ్చే కలలు? చిన్నప్పుడు అమ్మ దవాఖాన నుంచి తెచ్చే దూది వాసన? ఒక్కొక్కటే తీసి చూసింది. ప్రతిదానికీ ఎక్కడో ఒక పోగు ఆ కార్డుకు కట్టి ఉంది. తన లోపల పుట్టేదేదైనా ఆ ముచ్చటే. ఏదీ మిగల్చకుండా అన్నిటినీ హద్దు లోపలికి తోసి, పిక్కలు ఎత్తి చాటలో పోసుకుంది. కోపం రాలేదు. చాలా రోజుల తర్వాత ఒక లెక్క చివరిదాకా చేసినట్టు అనిపించింది.

ఆ తర్వాత ఇంట్లో మాటలు తగ్గలేదు. చాయ అయింది, నూనె అయిపోయింది, ఎస్తేరుకు ఫీజు కట్టాలె, మీ అమ్మకు కండ్లద్దాలు మార్చాలె. అన్నీ చెప్పేది. అడిగినదానికి జవాబిచ్చేది. గొంతు పెంచేది కాదు. ఒక ఆదివారం యోసేపు లేచి, నా ఇంట్లో శాంతి, సమాధానం ఉన్నదని సంఘం ముందు సాక్ష్యం కూడా చెప్పాడు. విమల తల వంచుకుని విన్నది. మూడేళ్లు ఆ సమాధానంలో గడిచాయి.

1985 వానాకాలంలో ఆమెకు బొడ్డు కింద నొప్పి మొదలైంది. మొదట నెలకు ఒకసారి, తర్వాత వారానికి, తర్వాత రోజూ. నిలబడి పాఠం చెప్పేటప్పుడు బల్ల అంచు పట్టుకునేది. బట్టలు విడిగా, తెల్లారకముందే ఉతుక్కునేది. యోసేపు పక్కగదిలోనే ఉండేవాడు. పప్పులో ఉప్పు తక్కువైతే అతనికి తెలిసేది.

మరుసటి ఏడు ఆగస్టులో బడిలో పడిపోయింది. పెద్ద దవాఖానలో డాక్టరమ్మ యోసేపును వరండాలోకి పిలిచింది. వయసు మళ్లిన మనిషి, ఆ ఊరిదే.

“క్యాన్సరు గర్భసంచి అంత పాకిపోయింది. ఏడాది నుంచి నొస్తాండాలె. ఒక్క ఇంట్ల ఉండుకుంట నువ్వు సూడలేదా?”

“ఆమె చెప్పలే,” అన్నాడు యోసేపు.

“ఆమె చెప్పుడు గాదయ్యా. నువ్వు సూడలేదా అంటాన్న.”

అతను వార్డులోకి నడిచాడు.

మూడు రోజులు మంచం పక్కన కూర్చున్నాడు. రెండోరోజు మధ్యాహ్నం పక్క మంచాలవాళ్లు నిద్రలో ఉన్నప్పుడు నోరు విప్పాడు. “విమలా, ఆ కార్డు...”

ఆమె కళ్లు తెరిచి అతన్ని చూసింది.

“ఎత్తద్దన్నవు గదా,” అంది.

గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. చాయ అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. మళ్లీ కళ్లు మూసుకుంది. మర్నాడు పొద్దున పోయింది. ఆమె సముద్రం చూడలేదు.

యోసేపు పాటల పలక బాధ్యత వదిలేశాడు. ఎందుకని అడిగితే కండ్లు ఆనుతలేవన్నాడు. రత్నమ్మ మాత్రం, పాపం తెలువక దీసిండు, అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. ఆమె అలా చెప్పినప్పుడల్లా అతను లేచి బయటికి వెళ్లేవాడు.

ఏడాది తర్వాత ఒక సాయంత్రం పాండురంగం సారు దేశాయిపేట ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. రిటైరయ్యాక కూడా కాలేజీలో పాఠాలు చెప్తున్నాడు. చేతిలో అచ్చయిన పుస్తకం ఉంది. నౌకాదళం వాళ్లు ఆ లెక్కను ముందుకు తీసుకెళ్తున్నారని, అంతా ఆ ఒక్క లైను మీదే నిలబడిందని చెప్పాడు. చివరిపేజీ తీసి చూపించాడు. కిందినుంచి రెండో వరసలో ఆమె పేరు. టైపు సాయం చేసినందుకు కృతజ్ఞతలు.

“ఆ పాటల నంబర్ల కార్డు మీ దగ్గర ఉందా?” అని అడిగాడు. “క్లాసుల్లో ఆ సంగతి చెప్తుంటానయ్యా. పిల్లలు పడిపడి నవ్వుతారు. కార్డు కూడా ఉంటే చూపించవచ్చు. అసలు ఆరోజు ఏమైందో కాస్త చెప్పు.”

కార్డు పాటల పుస్తకంలో ఉంది. పుస్తకం ట్రంకుపెట్టె మీద ఉంది. యోసేపు అటు చూడలేదు. ఆయన పుస్తకం మూసి ఆయన చేతికే ఇచ్చాడు.

“ఈ ముచ్చట ఎత్తద్దని ఆమెకు నేనే జెప్పిన. సచ్చేదాంక ఎత్తలే. ఇగ నేను గూడ ఎత్తను. మీతోని ఎత్తను, అయ్యగారితోని ఎత్తను, కన్నబిడ్డ అడిగినా ఎత్తను. మీరు పోండ్రి సారు.”